లిఫ్ట్ కిట్ సగం ఇంట్లో, సగం షాపులో: బాల్ జాయింట్ విరిగితే బాధ్యత ఎవరిది?

సందేహం: మాది కొరాపుట్ జిల్లా జయపురం. నా థార్ జీపుకి ఆన్‌లైన్‌లో రూ.41,000 పెట్టి లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) కొన్నాను. వెనక స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు), షాకులు నేనూ మా బావమరిదీ ఇంటి దగ్గరే బిగించుకున్నాం. ముందు వైపు మా వల్ల కాక 2025 జూన్ 14న విశాఖలో ఒక షాపులో వేయించాను. రూ.22,000 ఫోన్‌లో కొట్టాను, బిల్లు తీసుకోలేదు. అక్టోబరు 5న సుంకి ఘాట్‌లో ముందు ఎడమ చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే పైవైపు బాల్ జాయింట్ విరిగి బండి పిట్టగోడకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రిపేరు అంచనా రూ.2,85,000. బండికి మార్పులు చేశారంటూ ఇన్సూరెన్స్ కంపెనీ నవంబరు 21న క్లెయిమ్ తిరస్కరించింది. షాపువాడేమో ‘సగం పని మీరే చేసుకున్నారు, కిట్టూ మీరే తెచ్చారు’ అంటున్నాడు. అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి, నాన్న నాతో మాట్లాడటం మానేశారు. తెలిసిన గ్యారేజీలో పాత తేదీతో బిల్లు రాయించుకుని, కంపెనీ స్ప్రింగులు తిరిగి వేసి మళ్లీ సర్వే అడగమంటున్నాడు బావమరిది. అన్నట్టు, షాపువాడు మా బండి మీద రీల్ కూడా పెట్టాడు. మొత్తం షాపులోనే చేయించి ఉంటే నా కేసు గట్టిగా ఉండేదా?

జవాబు: గాజులు, నాన్నగారి కోపం పక్కన పెట్టండి. ‘అన్నట్టు’ అని చివర్లో పడేసిన ఆ రీలే మీ కేసు.

సగం మీరు, సగం షాపు అన్న వాదన వినడానికి బలంగా ఉంటుంది కానీ విరిగింది ముందు భాగం. మీరు ముట్టుకున్నది వెనక. తేలాల్సింది ఒక్కటే: విరిగిన జాయింట్‌ను చివరిసారి విప్పి బిగించింది ఎవరు? ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన భాగం) మీద స్పేసర్ వేయాలంటే మామూలుగా పై ఆర్మ్‌ను నకిల్ (చక్రం బిగించే భాగం) నుంచి విడదీస్తారు, అంటే ఆ బాల్ జాయింట్ నట్టు విప్పుతారు. షాపులో మీ బండి ముందు చక్రాలు ఊడదీసి ఉన్నట్టు రీల్‌లో కనబడితే సగం పని అయినట్టే. మీ లీగల్ నోటీసు షాపుకి అందిన మర్నాడే అది మాయమవుతుంది. అందుకే నోటీసుకు ముందే దాన్ని, అకౌంట్ పేరూ తేదీ కనబడేలా, దింపుకోండి. ఫోన్‌లోని ఇలాంటి సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ జత చేయాలి. అది లేకుండా వట్టి స్క్రీన్‌షాట్లు పెట్టి ఓడిన కేసులు బోలెడు.

రూ.22,000కు పేమెంట్ యాప్ బొమ్మ కాకుండా బ్యాంకు ముద్ర ఉన్న స్టేట్‌మెంట్ తీసుకోండి. ఆ రోజు దారిలో టోల్ కట్ అయి ఉంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా. షాపుతో వాట్సాప్ సంభాషణ తెలుగులో ఉంటే ఇంగ్లీషులోకో ఒడియాలోకో అనువాదం జతచేయండి, మీరు వెళ్లేది ఒడిశాలోని వినియోగదారుల కమిషన్ ముందుకు. బిల్లు వద్దనుకుని మీరు మిగుల్చుకున్న పద్దెనిమిది శాతం జీఎస్టీ రూ.3,960. దానికోసం ఇప్పుడు ఇన్ని కాగితాలు పోగేయాల్సి వస్తోంది. పనికి బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతే, ఫిర్యాదులో ఆ ముక్క కూడా రాయండి.

ఇక విరిగిన ముక్కలు. బాల్ జాయింట్ స్టడ్ (నట్టు బిగించే కడ్డీ) రెండు ముక్కలూ, నట్టూ ఎక్కడున్నాయో మీరు రాయలేదు. వర్క్‌షాపు తుక్కులో ఉంటే ఈరోజే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. విరిగిన మొహాల్ని బ్రష్‌తో రుద్దవద్దు, సరిపోతాయో లేదో చూద్దామని ఒకదానికొకటి ఆనించవద్దు. మీ వైపు తేమకు తుప్పు పట్టిందంటే ఇక చదవడానికి ఏమీ మిగలదు. పొడిగా చుట్టి, ఇద్దరు సాక్షుల ముందు సీలు వేయించండి. వదులు నట్టు వల్ల స్టడ్ రోజూ కాస్త కాస్త కదిలి చీలుతూ పోతే విరిగిన చోట ఇసుక ఒడ్డున అలలు వదిలిన గీతల్లా వరుసలు కనబడతాయి. ఒక్కదెబ్బకు విరిగితే గరుకుగా ఉంటుంది. మొదటిది షాపు వైపు వేలు చూపిస్తుంది. రెండోదైతే గోడ దెబ్బకే విరిగిందంటారు.

ఇంకో ఇబ్బంది ఉంది. మీ బండిలా పైనా కిందా రెండు ఆర్మ్‌లున్న (డబుల్ విష్‌బోన్) ముందు భాగంలో స్ట్రట్ పైన అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. ఎత్తు మరీ పెరిగితే చక్రం కిందికి వేలాడినప్పుడు బాల్ జాయింట్ తన కోణం దాటి ఇరుక్కుని, నట్టు గట్టిగా ఉన్నా స్టడ్ అలిసి విరగొచ్చు. అప్పుడు గీతలు ఉన్నా, తప్పు ఆ కిట్‌ని ఎంచుకున్న మీ మీదికీ, అమ్మినవాడి మీదికీ వస్తుంది. కిట్ పెట్టెలోని కాగితం తీసి చూడండి. పై ఆర్మ్ మార్చాలని అందులో ఉందా? ఉంటే మీరు పట్టించుకోలేదన్నమాట, కిట్ అమ్మినవాడు వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ చూపించి తప్పుకుంటాడు.

కుడివైపు జాయింట్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. అదే షాపు అదే రోజు బిగించింది. లైసెన్సు ఉన్న ఇన్సూరెన్స్ సర్వేయర్‌నో పాలిటెక్నిక్ మెకానికల్ అధ్యాపకుణ్ణో పిలిచి, వాళ్ల ఎదుట టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) ఆ నట్టు ఎంత బిగువులో ఉందో కొలిపించి, సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చి రాయించుకోండి. అదీ తక్కువే ఉంటే షాపువాడికి చెప్పుకోవడానికి మాట ఉండదు. ఐదొందల కిలోమీటర్లకు మళ్లీ బిగింపు చూపించుకోమని షాపు చెప్పి, మీరు వెళ్లకపోతే మాత్రం పరిహారంలో కోత తప్పదు.

బావమరిది సలహా వింటే ఈ మంచి కేసు కూడా పోతుంది. పాత తేదీ బిల్లు రాయించడం భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ, దాన్ని వాడటం 340 కింద మరో నేరం. స్ప్రింగులు మార్చి మళ్లీ సర్వే అడిగితే మొదటి సర్వేయర్ ఫోటోలు కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఒక్క దొంగ కాగితం బయటపడితే మీ నిజమైన రీల్‌ని కూడా ఎవరూ నమ్మరు.

షాపువాడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎత్తుతాడు. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. 182ఏ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అది మీరు చేయించుకున్నా, మీ చేత్తో చేసుకున్నా ఒకటే. అందుకని రూ.2,85,000 మొత్తం అడిగినా అంతా రాదు. కూలి వాపసు, రిపేరులో కొంత వాటా మీద ఆశ పెట్టుకోండి.

మొత్తం షాపుకిచ్చి ఉంటే? ఈ సగం సగం గొడవ ఉండేది కాదు, అంతే. మొత్తం మీరే చేసుకుని ఉంటే కిట్ అమ్మినవాడు తప్ప అడగడానికి మనిషే మిగిలేవాడు కాదు. వెనక పని జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉంటే ఇంట్లో అయ్యేదే. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి, ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ హోస్ లాగబడకూడదు. ముందు వైపు స్ప్రింగ్ కంప్రెసర్‌తో ఇంట్లో ఆటలొద్దు.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. నిబంధన ఉల్లంఘన మౌలికమైనది కాకపోతే 75 శాతం వరకు ఇప్పించిన తీర్పు (అమలేందు సాహూ, 2010) ఉంది. మీది సస్పెన్షన్ మార్పు, విరిగిందీ సస్పెన్షనే, కాబట్టి అది అంత అక్కరకు రాదు. ప్రయత్నిస్తానంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, తిరస్కరణ అందిన ఏడాదిలోపు భువనేశ్వర్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. అదే క్లెయిమ్ మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే అక్కడ తీసుకోరు.

షాపు మీద కేసు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. ప్రమాదం తేదీ నుంచి లెక్క అని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడకుండా బిగించిన రోజు నుంచి లెక్కేసి 2027 జూన్ 13లోపు దాఖలు చేయండి. షాపు విశాఖలో ఉన్నా మీరు నివసించే కొరాపుట్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ముందు స్పీడ్ పోస్ట్‌లో 15 రోజుల నోటీసు. కుడివైపు పరీక్ష అయ్యేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. రిపేరులో మాత్రం కంపెనీ స్ప్రింగులే వేయించి, ఆ బిల్లు జాగ్రత్త చేయండి.