షిఫ్టు దిగాక చదివే చదువు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేదు. నిలబడి రెండు మాటల్లో తేల్చేది కాదనిపించి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పరవాడ మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగానికి నిన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. నీ కింద పద్దెనిమిది మంది. అందులో సగం మంది నీకంటే పెద్దవాళ్లు. "చెప్పిన పని చేస్తారు గానీ, మనసులో మాట చెప్పరు బాబాయ్" అన్నావు. ఉద్యోగం మానేసి రెండేళ్లు ఎంబీఏ చదవాలా, ఉద్యోగంలో ఉంటూనే ఆన్‌లైన్‌లో చదవాలా అని అడిగావు.

ఉద్యోగం మానవద్దు. రాత్రి ఒక పాఠం చదివి, పొద్దున్నే పద్దెనిమిది మంది ముందు నిలబడి దాన్ని పరీక్షించుకునే వీలు కాలేజీ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఉండదు. నీకు ఉంది. ఆ వీలును వాడుకుంటేనే ఈ చదువుకు విలువ. పట్టా చేతికొస్తే పెత్తనం వస్తుందేమో గానీ, మనుషులు మనసు విప్పి మాట్లాడరు.

ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట. 1990ల్లో గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో, దూదిని నూలుగా వడికే రింగ్ ఫ్రేముల విభాగానికి షిఫ్ట్ సూపర్‌వైజరుగా ఉంటూ నేను దూరవిద్యలో ఎంబీఏ చదివాను. పాఠాలు పోస్టులో కట్టలుగా వచ్చేవి. అందులో ఒకటి ఎల్టన్ మేయో అనే పరిశోధకుడి గురించి. 1923లో అమెరికాలో, ఫిలడెల్ఫియా దగ్గర ఒక బట్టల మిల్లు. మిగతా విభాగాల్లో మనుషులు నిలకడగానే ఉన్నారు. వడికే విభాగంలో మాత్రం నలభై మందితో పని నడవాలంటే ఏడాదిలో వంద మందిని చేర్చుకోవలసి వచ్చేది. బోనసు ఆశ చూపించినా ఎవరూ నిలవలేదు. మేయో వచ్చి వాళ్లతో మాట్లాడాడు, వాళ్ల నడుం నొప్పులూ కాళ్ల నొప్పులూ విన్నాడు, మధ్యమధ్య పది నిమిషాల విరామం పెట్టించాడు. పరిస్థితి బాగుపడింది. ఆ తర్వాత పని ఒత్తిడి పెరిగిందని విరామాలు ఆపేస్తే ఉత్పత్తి మళ్లీ పడిపోయింది. చివరికి ఎవరు ఎప్పుడు విరామం తీసుకోవాలో కార్మికులే తేల్చుకునే ఏర్పాటు చేశారు.

అది చదివి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. రింగ్ ఫ్రేముల దగ్గర పని నువ్వు చూడలేదు. దారం తెగిన చోటల్లా సైడరు, అంటే ఫ్రేము చూసుకునే కార్మికుడు, పరుగున వెళ్లి అతుకు వేయాలి. ఒకటి అతికేలోపు మరొకటి తెగుతుంది. రాత్రి షిఫ్టులో దారాలు తెగడం మరీ ఎక్కువ. అంతకుముందు నాలుగేళ్లలో ఆ మనుషులను నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎందుకు తెగింది?" దానికి వాళ్లు చెప్పిన జవాబూ ఒక్కటే: "దూది బాగాలేదు సార్."

మర్నాడు రాత్రి ప్రశ్న మార్చాను. "ఈ ఎనిమిది గంటల్లో నీకు బాగా కష్టంగా ఉండే సమయం ఏది?" అని ఒక పెద్దాయనను అడిగాను. ఆయన నా ముఖం వైపు అనుమానంగా చూసి, చేతికి అంటుకున్న దూదిపీచు దులుపుకుంటూ, "రెండు గంటలకు కళ్లు మూతలు పడతాయి సార్. టీ నాలుగింటికి వస్తుంది. అప్పటికి నిద్ర దానంతట అదే పోయి ఉంటుంది" అన్నాడు. వారం రోజుల పాటు అందరినీ విడివిడిగా అడిగాను. దాదాపు అందరిదీ అదే మాట. టీ రెండింటికి వచ్చేలా మార్పించాను. ముగ్గురు ముగ్గురు చొప్పున వంతులు వేసుకోవడం వాళ్లకే వదిలేశాను. దారాలు తెగడం తగ్గింది. అంతకంటే పెద్ద మార్పు, వాళ్లంతట వాళ్లే వచ్చి నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఫలానా ఫ్రేములో స్పిండిల్ ఊగుతోందని, ఫలానా బెల్టు వదులైందని. ఆ కబుర్లు నాలుగేళ్లుగా వాళ్ల దగ్గరే ఉన్నాయి.

అందుకని నువ్వు ఒక చిన్న పుస్తకం పెట్టుకో. వారానికి ఒక పాఠం, ఆ పాఠంలోంచి లైను మీద చేసి చూసే ఒక్క పని. షిఫ్టు మారేటప్పుడు "రిజెక్షన్ ఎంత, బ్యాచ్ ఎక్కడ ఆగింది" అనే లెక్కలు ఎలాగూ అడుగుతావు. వాటితో పాటు "ఈ రోజు ఏ పని దగ్గర చిరాకు పడ్డారు?" అని అడుగు. మొదటి పది రోజులు "ఏమీ లేదు మేడమ్" అంటారు. అడగడం మానవద్దు. ఎవరైనా ఒకటి చెబితే, గ్లవ్స్ సైజు సరిపోవడం లేదన్నంత చిన్నదైనా సరే, వారంలోపు దాని సంగతి చూడు. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వెళ్లి చెప్పు. పాత బ్యాచ్ రేకు ముక్క ఒకటి మిషను కింద ఉండిపోతే లైన్ క్లియరెన్స్‌లో, అంటే కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాతదేమీ మిగల్లేదని చూసి సంతకాలు పెట్టే తనిఖీలో, దాన్ని ముందు చూసేది అక్కడ పనిచేసే మనిషి. చూసిన మనిషి నీకు చెప్పడానికి భయపడితే, ఆ కాగితం మీద ఎన్ని సంతకాలు ఉన్నా లాభం లేదు.

ఇక ఎక్కడ చేరాలన్న సంగతి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది, ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్ డిగ్రీలకు, విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2020లో పెట్టిన నిబంధనలు వర్తిస్తాయి. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టంగా చెప్పింది కూడా. అయితే ఆ గుర్తింపు ఫలానా కోర్సుకు, ఫలానా ప్రవేశ కాలానికి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులో నీ కళ్లతో నువ్వే చూడు. ఏజెంట్లు ఫోను చేసి "ఈ రోజే ఆఖరు, రేపటి నుంచి ఫీజు పెరుగుతుంది" అంటారు. వాళ్ల చేతికి రూపాయి ఇవ్వవద్దు. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్లాలి. పెద్ద పేరున్న సంస్థలు ఆరు నెలలకో ఏడాదికో ఇచ్చే సర్టిఫికెట్లు మంచివే కావచ్చు, కానీ అవి డిగ్రీలు కావు. డబ్బు కట్టకముందే "ఇది డిగ్రీయా, సర్టిఫికెట్టా?" అని రాతపూర్వకంగా అడుగు.

సమయం గురించి ఎవరూ నీకు నిజం చెప్పరు, నేను చెబుతాను. ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరంటే 120 గంటలు. సెమిస్టరుకు అయిదు పేపర్లుంటే 600 గంటలు. ఆరు నెలలకు పంచితే వారానికి ఇరవై మూడు గంటలు. ఉద్యోగం, ఇల్లు, చంటిపిల్లాడు ఉన్న నీకు అంత సమయం దొరకదు. రెండేళ్ల కోర్సు పూర్తి చేయడానికి ఎక్కువ గడువు ఇచ్చే సంస్థను చూసుకో. ఇగ్నో ఎంబీఏకు నాలుగేళ్ల వరకు గడువుంది. మూడేళ్లు పట్టిందని ఎవరూ నిన్ను తక్కువ చేయరు. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో పొద్దున్నే తేలికైన పాఠాలు చదువు, ఉదయం షిఫ్టు వారాల్లో సాయంత్రాలు లెక్కల పేపర్లకు ఉంచుకో. అకౌంటింగ్, ఫైనాన్స్ అంటే భయపడి పక్కన పెట్టవద్దు. ఒక బ్యాచ్ మార్చడానికి పోయే గంట ఖరీదు ఎంతో చెప్పగలిగితే, మీ మేనేజరు నీ మాట చివరిదాకా వింటాడు.

చాలామంది విసుక్కునేది గ్రూప్ అసైన్‌మెంట్లను. నా మట్టుకు నాకు ఈ చదువు మొత్తంలో నాయకత్వం నేర్పేది అదే. నీ లైను మీద వాళ్లు నీ మాట వినడానికి నీ హోదా ఒక కారణం. గ్రూపులో నీకు హోదా లేదు. ఒకరు బ్యాంకులో, ఒకరు బెంగళూరులో, ఒకరు ఎక్కడో దుబాయిలో ఉంటారు. ఎవరికీ తీరిక ఉండదు, ఎవరూ నీకు జవాబుదారీ కారు. నేను చదివిన రోజుల్లో మేం నలుగురం కలిసి ఒక నివేదిక రాయాలి. మిగతా ముగ్గురూ ఆలస్యం చేస్తున్నారని నేనొక్కడినే రాత్రంతా కూర్చుని మొత్తం రాసి ఇచ్చాను. మంచి మార్కులే వచ్చాయి. కానీ వాళ్లలో ఒకాయన, అప్పటికే తన భాగం సగం రాసి పెట్టుకున్న మనిషి, ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన తల్లి ఆస్పత్రిలో ఉందని నాకు తర్వాత తెలిసింది. "ఏమైంది?" అని ఒక్కసారి అడగలేదని ఈ రోజుకీ బాధపడతాను. నీ గ్రూపులో ఎవరైనా వెనకబడితే పని లాక్కోవద్దు. ముందు ఫోను చెయ్యి. ఏ భాగం ఆ మనిషి చేయగలడో అడుగు, చిన్నదైనా అదే ఇవ్వు, గడువు కలిసి పెట్టుకోండి.

అసైన్‌మెంట్లు మా రోజుల్లో జిరాక్స్ షాపుల్లో అమ్మేవారు, ఇప్పుడు ఫోనే రాసి ఇస్తుంది. నువ్వు రాయి తల్లీ. నీ లైను మీద జరిగిన సంగతిని ఆ ప్రశ్నకు ముడిపెట్టి నీ మాటల్లో రాసినప్పుడే ఆ పాఠం నీదవుతుంది. చివరి ప్రాజెక్టు కూడా మీ విభాగం మీదే చెయ్యి. ముందుగా మేనేజరు దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకో. బ్యాచ్ రికార్డులు, మందుల పేర్లు బయటికి రాకూడదు, వాటిని తీసేసి రాయడం నేర్చుకో. చదువుకు డబ్బు సాయం అడిగితే కంపెనీ కాదనవచ్చు, కానీ "ఫలానా సమస్య మీద పనిచేస్తాను" అంటే కాదనేవాళ్లు తక్కువ.

అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం పొద్దున పూట, పిల్లాడినీ వంటనూ ఆయన చూసుకోవాలి. చేరకముందే ఇద్దరూ కూర్చుని ఆ గంటలు కాగితం మీద రాసుకోండి. అప్పటికప్పుడు బతిమాలుకుంటూ చదివే చదువు మూడో నెలలో ఆగిపోతుంది. పరీక్షల రోజుల్లో పదిహేను రోజులు మీ పిన్నిని పంపిస్తాను, తనే అంది.

ఒక్క సంగతి మరిచిపోయేవాణ్ణి. చేరే ముందు డీఈబీ ఐడీ అని, యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే గుర్తింపు నంబరు ఒకటి చేసుకోవాలి, ఆధార్ వివరాలతో. పెళ్లయ్యాక నువ్వు ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్నావు, పదో తరగతి సర్టిఫికెట్టులో పాత ఇంటిపేరే ఉంది. ఆ తేడా సంగతి ఇప్పుడే విశ్వవిద్యాలయం వాళ్లను అడిగి తేల్చుకో. డిగ్రీ సర్టిఫికెట్టు నకలు నా బీరువాలో ఉంది, మీ నాన్న అప్పట్లో దాచమని ఇచ్చాడు. సోమవారం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

మీ బాబాయి