టీన్ కోర్టు జ్యూరీలో కూర్చోబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

చిన్న నేరాలు చేసిన పిల్లలకు తోటి పిల్లలే తీర్పు చెప్పే మీ ఊరి టీన్ కోర్టులో, ఆ తీర్పు చెప్పే జ్యూరీకి పేరిచ్చావని మీ అమ్మ చెప్పగా చాలా సంతోషించాను. మీ టెక్సాస్‌లోనే ఒడెస్సాలో 1983లో మొదలైన కోర్టును చూసి దేశంలో ఎన్నో ఊళ్లు ఇలాంటివి పెట్టుకున్నాయి. ఇన్నేళ్లు వాలంటీరుగా ఉండి గమనించిన సంగతులు కొన్ని రాస్తున్నాను.

తప్పు జరిగిందా లేదా అని తేల్చడం మీ పని కాదు. దుకాణంలో చిన్న దొంగతనం, గోడల మీద రంగులు చల్లడం, బడిలో కొట్లాట వంటివి చేసిన పిల్లలు సాధారణంగా నేరం ఒప్పుకున్నాకే మీ ముందుకు వస్తారు. జరిగిన నష్టాన్ని ఎలా పూడ్చాలో మీరు నిర్ణయిస్తారు, అదంతా గడువులోగా పూర్తిచేస్తే కేసు కొట్టివేస్తారు.

కొత్తగా జ్యూరీలో కూర్చున్న పిల్లలు పెద్దలకంటే కఠినంగా ఉండడం, సమాజసేవ గంటలు ఎంత ఎక్కువ వేస్తే అంత న్యాయం చేసినట్టు అనుకోవడం తరచూ చూశాను. గోడ పాడుచేసినవాణ్ణి లైబ్రరీలో పుస్తకాలు సర్దమంటే గంటలు పూర్తవుతాయి గాని, ఆ గోడ యజమానికి ఒరిగేదేమీ లేదు. కాబట్టి "ఎందుకు చేశావు?" అనే ముందు "దాన్ని కడిగింది ఎవరు?" అని అడుగు. మొదటి ప్రశ్నకు "ఏమో" అని తలదించుకునేవాడు రెండోదానికి ఆలోచించక తప్పదు. క్షమాపణ లేఖ రాయమన్నప్పుడు కూడా "ఎవరినైనా బాధపెట్టి ఉంటే మన్నించండి" అన్న ముక్కతో సరిపెట్టకుండా, దుకాణంలో దొంగతనమైతే తాను ఏం తీసుకున్నాడో, లెక్క తేలక కౌంటరు దగ్గరి మనిషి ఎంత ఇబ్బంది పడ్డాడో రాయాలని తీర్పులోనే చెప్పండి.

చాలాచోట్ల అలా తీర్పు పొందిన పిల్లలే తరువాత మరో కేసులో జ్యూరీగా కూర్చోవాలి. అలాంటివాడు నీ పక్కన ఉంటే ముందుగా అతణ్ణే మాట్లాడనివ్వు. సాకులన్నీ తెలిసినవాడు కనుక అతని ప్రశ్న సూటిగా ఉంటుంది.

ఫలితం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 2002లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ నాలుగు రాష్ట్రాల్లోని టీన్ కోర్టులను పరిశీలించినప్పుడు, అలాస్కా, మిస్సోరీల్లో మళ్లీ నేరం చేసినవారు మామూలు బాలనేరాల విచారణ పద్ధతిలోకంటే తక్కువగా తేలారు. మేరీలాండ్‌లో ఆ మేలు కనబడలేదు. కోర్టు పెట్టినంత మాత్రాన సరిపోదు, నడిపే తీరు ముఖ్యమని నా అభిప్రాయం.

విన్నది అక్కడే వదిలేయి. తెలిసినవాళ్ల పిల్లవాడు వస్తే కోఆర్డినేటరుకు చెప్పి ఆ కేసునుంచి తప్పుకో. మీ అమ్మ ఎంత గుచ్చి అడిగినా చెప్పకు, నాకూ రాయకు.

ఇట్లు,
మావయ్య