స్థలం కొనాలా, మంచాన పడే రోజులకు దాచాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. జూట్ మిల్లులో పని చేసి విరమించాను. నాకు 61 ఏళ్లు, నా భార్యకు 57. చేతికి 28 లక్షలు వచ్చాయి. పీఎఫ్ పింఛను నెలకు 3,200, ఇంటి ఖర్చు 16 వేలు. మా నాన్నగారు 86 ఏళ్లు బతికారు, కానీ చివరి ఆరేళ్లూ మంచంలోనే ఉన్నారు. నాకూ అంత ఆయుష్షుంటే ఈ డబ్బు సరిపోతుందా? రాజాం రోడ్డులో స్థలం కొనమంటున్నారు, కొనవచ్చా?

జవాబు: మీ లేఖలో 86 అన్న అంకె కంటే ఆ ఆరేళ్ల ప్రస్తావనే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల ప్రకారం మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 71 ఏళ్లు కాగా, అందులో ఆరోగ్యంగా గడిచేది 60 ఏళ్ల చిల్లర మాత్రమే.

ఆసుపత్రి ఖర్చుకు ఇప్పుడు కొంత దారి ఉంది. 70 నిండాక కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. అయితే ఇంట్లో ఒళ్లు తుడిచి, పక్క మార్చి, రెండు గంటలకోసారి ఒత్తిగిలించే మనిషికి జీతం ఆ కార్డూ ఇవ్వదు, మామూలు బీమా పాలసీలూ ఇవ్వవు. చాలా ఇళ్లలో ఆ చాకిరీ భార్య మీదే పడుతుంది. మీకు 80 వచ్చేనాటికి ఆమెకు 76 ఉంటాయి; ఆ వయసులో మిమ్మల్ని లేపి కూర్చోబెట్టమనడం న్యాయం కాదు. స్థలం అమ్ముడుపోవడానికి నెలలు పట్టవచ్చు, పనిమనిషి జీతం మాత్రం నెల తిరిగేసరికి ఇవ్వాలి. అందుకే స్థలం వద్దంటున్నాను.

20 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో వేయండి. 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. పింఛనుతో కలిపితే నెలకు 16,800 పైమాటే. కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు మీ ఖర్చు 32 వేలవుతుంది. అందుకే ఒకటి రెండేళ్లు తిరిగేసరికే కొద్దికొద్దిగా అసలు తీయక తప్పదు, తీయడానికి వెనుకాడకండి. అలా తీస్తూ పోతే 80 రాకముందే ఈ నిల్వ అయిపోవచ్చు కనుక, ఓపిక ఉన్న ఈ నాలుగైదేళ్లు ఏదైనా తేలికపాటి పని చేసి, ఆ మేరకు వడ్డీని దాచుకోగలిగితే చాలా మేలు.

మరో 6 లక్షలు మంచాన పడే రోజుల కోసమే విడిగా ఉంచండి. 7 శాతం చక్రవడ్డీ దొరికితే పది, పదకొండేళ్లలో అది రెట్టింపవుతుంది. పెళ్లిళ్లకూ, మనవల ఫీజులకూ దాన్ని ముట్టుకోకండి.

మిగిలిన 2 లక్షలు ఇప్పుడే ఇంటి మీద పెట్టండి. మన పాత ఇళ్లలో స్నానాల గది పెరట్లో, రెండు మెట్లు దిగాక ఉంటుంది. రాత్రిపూట తడి గచ్చు మీద కాలు జారి తుంటి ఎముక విరిగితే, నడిచే మనిషి ఒక్క పూటలో మంచం పట్టవచ్చు. పడకగదిని ఆనుకుని కూర్చునే మరుగుదొడ్డి, జారని గచ్చు, గోడకు పట్టుకునే కడ్డీ ఏర్పాటు చేయించండి.

పోస్టాఫీసు ఖాతా మాత్రం ఇద్దరి పేరా తెరవండి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో రెండోవారికి వయసు నిబంధన లేదు. ఖాతా తెరిచే రోజున ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, ఏ కాగితం దేనికో దగ్గరుండి చెప్పండి.