ఇంట్లో తీసిన లెక్క, క్లినిక్‌లో తీసిన లెక్క

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. రెండు నెలలుగా గొంతు బొంగురుపోయి తగ్గడం లేదు. స్పీచ్ థెరపిస్టు నా చేత ‘ఆ’ అనిపించి, కంప్యూటరులో కొలిచి, గొంతు కంపనం ఎంత క్రమం తప్పిందో చెప్పే జిట్టర్ అనే కొలత 0.9 శాతం అన్నారు. మా అబ్బాయి నా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వేసి చూస్తే 2.3 వచ్చింది. ఏది నమ్మాలి? 0.9 సరైనదైతే గొంతులో గొట్టం పెట్టించుకునే పని తప్పినట్లేనా?

జవాబు: థెరపిస్టు తీసిన అంకెనే పట్టించుకోండి. అలాగని ప్రాట్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆమ్‌స్టర్‌డ్యామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన ఆ సాఫ్ట్‌వేరును ధ్వనిశాస్త్ర పరిశోధకులు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. లోపమంతా మీ అబ్బాయి దానికి అందించిన శబ్దంలోనే ఉంది.

‘ఆ’ అని సాగదీసినప్పుడు స్త్రీల స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి, అంటే ఒక్కో కంపనానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక కంపనానికీ దాని వెంటనే వచ్చే కంపనానికీ పట్టే కాలంలో సగటున ఎంత శాతం తేడా ఉందో చెప్పేదే జిట్టర్. 1 శాతమంటే సెకనులో ఇరవై వేలో వంతు! అంత సన్నని తేడాను పట్టవలసిన చోట తలమీద తిరిగే ఫ్యాను, కిటికీలోంచి వచ్చే ఔటర్ రింగ్ రోడ్డు హోరు, రొద తగ్గించాలని ఫోను తనంతట తాను చేసే సవరణలు, వాట్సాప్ ఫైలును కుదించడం, ఇవన్నీ కలిసి అంకెను తారుమారు చేస్తాయి. పైగా వాయిస్ మెసేజ్‌లో మీరు మాట్లాడారు. మాటలో శ్రుతి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కనుక, నిలకడగా పలికిన అచ్చుకు ఉద్దేశించిన ఈ కొలత అక్కడ పనికిరాదు. ఇంటర్నెట్‌లో 1.04 శాతం హద్దు అని కనిపిస్తే దానితోనూ పోల్చవద్దు. అది ఎండీవీపీ అనే మరో ప్రోగ్రాముది, దాని లెక్క కట్టే పద్ధతి వేరు.

ఇక మీ రెండో ప్రశ్న. అంకె బాగున్నంత మాత్రాన పరీక్ష మానుకోకూడదు. కంపనం ఎంత క్రమం తప్పిందో సాఫ్ట్‌వేరు చెబుతుంది గాని, అందుకు కారణం స్వరతంత్రిపై కాయా, తిత్తా, పక్షవాతమా, అంతకన్నా పెద్ద జబ్బా అన్నది చెప్పలేదు. బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ వైద్యుల చేత లారింగోస్కోపీ, అంటే మీరన్న ఆ గొట్టంతో స్వరతంత్రులను చూసే పరీక్ష, చేయించుకోవలసిందే. ముక్కులోంచి గాని నోటిలోంచి గాని చేసే ఆ పరీక్ష కొద్ది నిమిషాల పని. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

అప్పుడు ఆ 0.9 దేనికంటారా? చికిత్స మొదలయ్యాక అదే గదిలో, అదే మైకుకు అంతే దూరంలో కూర్చుని మళ్లీ ‘ఆ’ అన్నప్పుడు, మీ గొంతును మీ పాత గొంతుతోనే పోల్చడానికి. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే థెరపిస్టును అడిగి ఆ రికార్డింగు వేవ్ ఫైలునే (కుదించని శబ్దం ఫైలు) తెచ్చుకోమనండి. అక్కడ కూడా ప్రాట్‌తోనే కొలిచి ఉంటే, అవే సెట్టింగులతో, ‘ఆ’లో అదే భాగాన్ని ఎంచుకుంటే ఇంట్లోనూ 0.9 వస్తుంది.