డీఎన్‌ఏ పరీక్షతో మా పూర్వీకుల ఊరు తెలుస్తుందా?

మూడు తరాలుగా హైదరాబాద్‌లో ఉంటున్నామని, అంతకు ముందు ఎక్కడివాళ్లమో డీఎన్‌ఏ పరీక్ష చెబుతుందా అని అడిగారు. ఊరి పేరు మాత్రం చెప్పదు.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి, మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తాయి. ఇవి చూపేది వేల ఏళ్ల నాటి ఒక్కొక్క వంశ వరుసనే, తండ్రుల వైపు ఒకటి, తల్లుల వైపు ఒకటి. దగ్గరి బంధువులను పట్టిచ్చేది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే మిగతా డీఎన్‌ఏ.

చిక్కల్లా మన పెళ్లిళ్లతోనే. మామూలుగా అన్నదమ్ముల పిల్లల మధ్య దాదాపు 12.5 శాతం డీఎన్‌ఏ కలుస్తుంది. మేనరికాలు, ఒకే కులంలో పెళ్లిళ్లు తరతరాలుగా సాగితే ఈ వాటా పెరుగుతుంది, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ భాగస్వాములుగా 2009లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో చాలా విలువైనది. దేశంలోని చాలా సమూహాలు రెండు ప్రాచీన జనాల కలయిక అని, వైశ్యుల వంటి కొన్ని సమూహాలు ఎన్నో తరాలుగా బయటి సంబంధాలు దాదాపు లేకుండా ఉన్నాయని తేల్చింది.

పరీక్ష ఫలితాల్లో ఇచ్చే 'దక్షిణ భారత 90 శాతం' లాంటి అంకెలు పరీక్ష చేసే కంపెనీ దగ్గరున్న నమూనాలను బట్టి మారతాయి. అందుకని డబ్బు కట్టేముందు ఇంట్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయండి. ఇంటిపేరు, పాత పట్టాలు, పెళ్లి శుభలేఖలు, కాశీ పండాల (యాత్రికుల వంశ వివరాలు రాసుకునే పురోహితుల) చిట్టాలు వెతకండి. పరీక్ష చేయిస్తే మాత్రం ముందు అమ్మమ్మకో తాతయ్యకో చేయించండి, వాళ్లలో ఉన్నదంతా మీదాకా రాదు.