సముద్రం దాటే కథ గురించి

తమ్ముడికి,

మొన్న ఆర్కే బీచ్‌లో గాజువాక బస్సుకు టైమైందని మాట మధ్యలో లేచిపోయావు. "విదేశీ యాప్ వాళ్లు నా కథ అడుగుతున్నారు, అక్కడ ఎవరైనా కొట్టేస్తే నా గతేంటి?" అన్నావు. దారంతా అదే ఆలోచించుకుంటూ నడిచాను.

నీ టెన్షన్ కథ దొంగల గురించి. నాది నీ సంతకం గురించి.

కథ కాగితం మీద పెట్టిన క్షణం నుంచే కాపీరైట్ నీది, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. రచయితల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచీ ఉంది. అందులో ఉన్న ఏ దేశమైనా తన రచయితలకిచ్చే రక్షణ నీకూ ఇవ్వాలి. 1995లో ట్రిప్స్ అనే మేధో హక్కుల వాణిజ్య ఒప్పందం వచ్చి ఈ నియమాలను ప్రపంచ వాణిజ్య సంస్థ కిందకు తెచ్చింది. దాంతో మాట తప్పిన దేశాన్ని వ్యాపారంలో దెబ్బకొట్టే వీలు కలిగింది.

కానీ ఆ సంస్థలో కేసు వేయగలిగేది ప్రభుత్వమే, నువ్వు కాదు. అమెరికా బార్లలో పైసా కట్టకుండా పాటలు వేస్తున్నారని ఐరిష్ సంగీతకారులు మొత్తుకుంటే, వాళ్ల తరఫున యూరప్ దేశాల కూటమి కేసు వేసింది. 2000లో గెలిచింది కూడా. అమెరికా కొంత సొమ్ము కట్టింది, చట్టం మాత్రం మార్చలేదు. పాట కట్టినవాడికి ఒరిగిందేమిటో నువ్వే ఆలోచించు.

ఇంకో సంగతి. బెర్న్‌లో రచయిత పేరును, రచన రూపాన్ని కాపాడే హక్కు ఉంది. ట్రిప్స్ దాన్ని మాత్రం పక్కన పెట్టేసింది. బేరగాళ్లు రాసుకున్న ఒప్పందం కదా, పేరుకు ధర కట్టడం వాళ్లకు చేతకాలేదు! మన కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. అయినా కాంట్రాక్టులో "రచయిత పేరు తప్పనిసరి" అని రాయించుకో.

నా సంగతి చెప్తాను. ఇరవై ఏళ్ల కిందట జగదాంబ దగ్గర ఓ హోటల్లో, టీ చల్లారేలోపు ఒక ప్రచురణకర్తకు సంతకం చేసిచ్చాను. "ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో, శాశ్వతంగా" అని ఉంది. పుస్తకం వస్తోందన్న సంబరంలో చదవలేదు. తర్వాత నా కథలు విదేశాల్లో ఆడియోగా అమ్ముడయ్యాయి. లాయరు దగ్గరకు పరిగెత్తాను. ఆయన ఆ కాగితం చదివి, మడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. ఫీజు కూడా తీసుకోలేదు. అదే ఎక్కువ బాధేసింది.

తమాషా ఏంటంటే, మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఏమీ రాయకపోయినా బాగుపడేవాణ్ని! నువ్వు మాత్రం ఏ భాష, ఏ రూపం, ఏ దేశాలు, ఎన్నేళ్లు అన్నీ విడివిడిగా రాయించు. గొడవొస్తే ఏ ఊరి కోర్టు అన్నది కూడా చూడు. విశాఖ అని ఉండటం వేరు, కాలిఫోర్నియా అని ఉండటం వేరు.

ఆదివారం ఆ కాంట్రాక్టు పట్టుకుని పెదవాల్తేరు రా, కూర్చుని చదువుదాం. అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ అన్నయ్య