కారుకు నాప్పానా, మామూలు తోలా, రెక్సినా? పైపూత చూసి తేల్చుకోండి

నాప్పా (బాగా మెత్తని మేలురకం తోలు), మామూలు తోలు, రెక్సిన్ (గుడ్డ మీద ప్లాస్టిక్ పూసిన నకిలీ తోలు)... వీటిలో ఏది ఎక్కువకాలం మన్నుతుంది, ఏది కూర్చోవడానికి హాయి అని అడిగారు. రోజూ తిరిగే కారైతే కళ్లు మూసుకుని రంగుపూత వేసిన మామూలు తోలు తీసుకోండి. నాప్పా మీద కూర్చోగానే ప్రాణం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఆ మెత్తదనంలో కొంత పూత పలచగా వేయడంవల్ల వస్తుంది. పూత పలచబడితే చెమట, జీన్సు రంగు, గోటి గీతలు అన్నీ తొందరగా తోలు దాకా దిగుతాయి. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

మా అన్నయ్య పాత కారు సీటు విప్పించిన రోజు నాకు ఇదంతా కళ్లకు కట్టింది. డ్రైవర్ సీటులో తలుపు వైపు ఉబ్బెత్తు అంచు పగుళ్లిచ్చింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ రాసుకునేది అక్కడే కాబట్టి ఏ కారులోనైనా ముందు పోయేది అదే. పాత కారు కొనేవాళ్లు మీటరు కన్నా ముందు అది చూడాలి. సీట్లు కుట్టే పెద్దాయన కవరు ఊడదీసి తిరగేశాడు. మనం ఆనుకునే భాగం అడుగున పీచుపీచుగా ఉంది, అది తోలు. సీటు పక్కలు, వీపు వెనక భాగం తిరగేస్తే అల్లిన గుడ్డ కనిపించింది. అంటే రెక్సిన్. మొత్తం లెదరేనని చెప్పి అమ్మిన కారది! ఇలా కలిపి కుట్టడం మామూలేనట. మామూలైతే కొనేటప్పుడే చెప్పొచ్చుగా?

తర్వాత ఆయన గాఢత లేని సబ్బు నురగ, మెత్తని బ్రష్షు తీసుకుని నిగనిగలాడుతున్న చోట నెమ్మదిగా రుద్ది తుడిచాడు. గుడ్డ నల్లబడింది, సీటు మెరుపు పోయింది. అన్నయ్య కంగారుపడ్డాడు. "ఆ మెరుపు ఒంటి జిడ్డు బాబూ, తోలు అసలు ఇలాగే ఉంటుంది" అన్నాడాయన. పగుళ్లు కూడా పూతలోనే ఉన్నాయి, కింద తోలు గట్టిగానే ఉంది. పగుళ్లు పూడ్చి రంగు వేస్తే సరిపోయింది.

అందుకే మెరిపించే స్ప్రేలంటే నాకు ఒళ్లు మంట. పూత ఉన్న తోలులోకి క్రీము ఇంకేది చాలా తక్కువ, పైన జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టిస్తుంది. గాలి వచ్చే చిల్లుల సీట్లయితే ఆ చిల్లులే పూడుకుపోతాయి. తరచూ తడిగుడ్డతో తుడవడం, ఎండలో వదిలేటప్పుడు అద్దానికి తెర కట్టడం... నా లెక్కలో ఏ క్రీమూ వీటికి సాటిరాదు. మీ సీటుకు పూత ఉందో లేదో తెలియకపోతే కనపడని మూల ఒక నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్టు, ఇంకి మచ్చపడితే లేనట్టు.

రెక్సిన్ అంతా చెత్త అని కూడా అనను. మెర్సిడెస్ వాళ్లు దశాబ్దాలుగా వాడిన ఎంబీ-టెక్స్ కూడా వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ తోలే, గట్టితనానికి దానికి మంచి పేరుంది. చవకరకం పీయూ (పాలీయురెతేన్ అనే ప్లాస్టిక్ పూసిన నకిలీ తోలు) మాత్రం తేమకు పొరలు పొరలుగా రాలిపోతుంది, దానికి మరమ్మతు లేదు. ఎండలో ఆగిన కారెక్కితే వీపుకు అతుక్కుంటుంది కూడా.

కొత్తగా కుట్టిస్తుంటే ఒకటి మరవకండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ వైపు కుట్టు అది విచ్చుకోగానే తెగేలా, అందుకోసమే వచ్చే దారంతో వేయాలి. ఆ పని తెలియనివాళ్ల చేతికి సీటు ఇవ్వకండి.